వాకిలి వైపు మంచం

నా చిన్నప్పుడు నాకు అస్సలు నచ్చని వేళ సాయంత్రం బడి విడిచే వేళ. మిగతా పిల్లలు ఇళ్లకు పరుగెత్తేవారు. నేను మాత్రం దారిలో కనిపించిన ప్రతి రాయినీ తన్నుకుంటూ వెళ్లేదాన్ని. నాకోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరన్నది అప్పటి నా గట్టి నమ్మకం. మా బాపు, అమ్మ మగ్గాల పని కోసం భివండి వెళ్లిపోయారు. సిద్దిపేటలో, ఒక ఇరుకు సందు చివర ఉన్న ఇంట్లో నాయనమ్మా నేనూ మిగిలాం. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నాదీ అదే పోలిక.

ఆ వానాకాలం నాయనమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నేను బడికి వెళ్లాక మధ్యాహ్నం పక్కింటి అక్క వచ్చి, పెరట్లోకి నడిపించి, అన్నం తినిపించి పోయేది. మిగతా పొద్దంతా నాయనమ్మ ఒక్కతే వాకిలి దగ్గర నులక మంచం మీద ఉండేది. నీళ్లు సరిగా తాగడం లేదని, ఇలాగే ఉంటే మంచానికే పరిమితం అవుతుందని దవాఖానలో గట్టిగా చెప్పారు. అదే జరిగితే నన్ను అక్కన్నపేటలో ఒక దూరపు చుట్టం ఇంట్లో ఉంచుతానని, ఆమెను చూడడానికి వచ్చినప్పుడే బాపు చెప్పి వెళ్లాడు. ఆ ఇంట్లో వాళ్ల ముఖాలు కూడా నాకు తెలియవు. అందుకే నాయనమ్మ చేత నీళ్లు తాగించడం నాకు ప్రాణం మీదికి వచ్చిన పని అయింది.

మొదట నిండు ఇత్తడి చెంబు మంచం పక్కన పెట్టి బడికి వెళ్లాను. ఎడమ చేత్తో అంత బరువు ఎత్తి నోట్లో పోసుకోబోతే చీరంతా తడిసింది. తడి చీరతో సందులోకి కనబడేలా కూర్చోవడం ఆమెకు సిగ్గు. మర్నాటి నుంచి చెంబు ముట్టలేదు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. బొప్పాయి ఆకు కాడ బోలుగా ఉంటుంది కదా, దాన్ని కోసి కడిగి చెంబులో పెట్టాను. ఎత్తే పని లేదు, పీల్చుకుంటే చాలు. నా తెలివికి నేనే మురిసిపోయాను. నాయనమ్మ దాని వంక ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. కాడను పెదవులతో పట్టుకుంటే చెంబంతా ఎంగిలి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఎత్తి పోసుకునే తాగిన మనిషి, చెయ్యి పడిపోయిందని ఆ పద్ధతి వదులుకుంటుందా?

తరువాత మంచాన్నే లోపలి గదిలోకి లాగి, మంచినీళ్ల కుండ పక్కన వేశాను. పక్కనే చిన్న సత్తు గ్లాసు పెట్టాను. ముంచుకుని పోసుకోవడానికి ఎడమ చెయ్యి చాలు. సాయంత్రం వచ్చి చూస్తే మంచం మళ్లీ వాకిలి దగ్గరే ఉంది. మధ్యాహ్నం అక్క చేత లాగించిందట. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నేను అక్కన్నపేట వెళ్లిపోతే ఆమెకేమీ పట్టదనిపించింది. పక్కింటికి వెళ్లి, అక్క వాళ్ల గుమ్మంలో నిలబడి ఆ మాటే అన్నాను.

పక్కింటి అక్క బీడీలు చుట్టేది. ఆమె భర్త దుబాయి వెళ్లాడు, ఆ ఇంట్లోనూ ఒక్కతే ఉండేది. నా మాట విని ఓదార్చలేదు, నవ్వలేదు. ఆదివారం పొద్దున వచ్చి నాయనమ్మను మెల్లగా నడిపించుకుంటూ తన ఇంటికి తీసుకెళ్లింది. వెళ్లేముందు నా కుడి చెయ్యి తువ్వాలతో ఒంటికి కట్టేసి ఆ మంచం మీద కూర్చోబెట్టింది.

"నేనొచ్చేదాక మంచం దిగద్దు. ఏంది, ఎందుకు అని అడగకు."

మొదట సరదాగానే ఉంది. కాసేపటికి నాలుక పిడచగట్టి దూప మొదలైంది. కుండ లోపలి గదిలో ఉంది. ఈగలు వాలితే ఒక చేత్తోనే తోలుకున్నాను. సందులో ఎవరో సైకిల్ మీద పోయారు, తరువాత చాలాసేపు ఎవరూ రాలేదు. అంత పెద్ద పగలు అంత ఖాళీగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఎండ గడప దాటేసరికి నేను కుండ సంగతి తలచుకోవడం మానేశాను. నా కళ్లు వాకిలి బయటే ఉన్నాయి. ఎవరు వస్తారా, ఎప్పుడు వస్తారా అని ఒకటే చూపు. అక్క, నాయనమ్మ గుమ్మంలో కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

"దూప కాలేదా?" అని అడిగింది అక్క తువ్వాల విప్పుతూ.

"అయింది. తోవ చూసుకుంట మర్సిపోయిన."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే మంచం ఎందుకు వెనక్కి వచ్చిందో నాకు అర్థమైంది. ఆ మంచం మీద నుంచి చూస్తే సందు మలుపు కనిపిస్తుంది. లోపలి గది నుంచి గోడ తప్ప ఏమీ కనిపించదు. బాపు కోసమా అని నాయనమ్మను అడిగాను.

"వాడు ఏడాదికోసారి వస్తడు. గా ముచ్చట నాకు తెల్వదా?" అంది. సందు మలుపు వైపు చూస్తూ, "నువ్వు రోజు వస్తవు గద బిడ్డా" అంది.

తన్నిన రాళ్లన్నీ గుర్తొచ్చాయి. నేను కావాలని ఆలస్యం చేసిన ప్రతి సాయంత్రం ఆమె ఆ మలుపు వైపే చూస్తూ ఉందన్నమాట.

ఆ సాయంత్రమే కుండను వాకిట్లోకి తెచ్చాం. నలుగురు నడిచే కాడ మంచినీళ్ల కుండ పెడతారా అని నాయనమ్మ గొణిగింది గానీ అడ్డు చెప్పలేదు. అక్క బీడీ ఆకుల చెక్కపెట్టెను గడపకు ఇవతల బోర్లించి, దాని మీద కుండ పెట్టి, ఎడమ చేతికి అందేలా సత్తు గ్లాసు మూతపై ఉంచింది. నాయనమ్మ ముంచుకుని, తల వెనక్కి వంచి, పెదవులకు తగలకుండా పోసుకుంది. మెడ మీద కొంచెం ఒలికింది. మళ్లీ ముంచుకుంది. అక్కన్నపేట ప్రయాణం ఇక లేదని నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

పెద్దయ్యాక నేను వస్తువులకు రూపం ఇచ్చే పనిలో స్థిరపడ్డాను. ప్రొడక్ట్ డిజైనర్ అంటారు. కుక్కర్ పిడి, చేతికర్ర, రోగుల మంచం, ఇలాంటివి చేశాను. కొత్తగా చేరిన పిల్లలు కాగితం మీద గీతలు మొదలుపెట్టబోతే పెన్సిల్ తీసేసుకుంటాను. ముందు ఆ మనిషి కూర్చునే చోట కూర్చుని రమ్మంటాను, ఆ మనిషి ఎటు చూస్తుందో చూసి రమ్మంటాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. ఏ ఊరు వెళ్లినా సాయంత్రం పూట వీధుల్లో తిరిగి, ఇళ్ల ముందు కుర్చీలు ఎటు తిరిగి ఉన్నాయో చూడడం నాకున్న ఒకే ఒక్క సరదా.

నాయనమ్మ పోయి చాలా కాలమైంది. నేనిప్పుడు ఒక్కదాన్నే ఉంటున్నాను. సాయంత్రం నా ఇంటికి రావలసినవాళ్లు ఎవరూ లేరు. అయినా నా కుర్చీ వాకిలి వైపే ఉంటుంది, పక్కన ఎడమ చేతికి అందేలా నీళ్లు ఉంటాయి. బయటికి వెళ్లిన రోజు మాత్రం చీకటి పడకముందే ఇల్లు చేరతాను. మలుపు దగ్గరికి రాగానే ఈ వయసులోనూ నడక వేగం పెరుగుతుంది.