ఎండలో పెట్టిన బంతులు

ఒళ్లంతా చిరాగ్గా ఉంది. బడికి ఆరు రబ్బరు బంతులు కావాలని ఈ మధ్యాహ్నం మాచర్ల బజారులో ఆటవస్తువుల కొట్టుకు వెళ్లాను. కొట్టు ముందు మండే ఎండలో బుట్టెడు బంతులు పెట్టున్నాయి. అందరిలాగే నేనూ ఒకటి తీసి, భుజమెత్తు నుంచి గుమ్మం ముందు నాపరాయి మీద వదిలాను. నడుము దాకా లేచింది. సంబరపడి ఆరూ కొన్నాను.

సాయంత్రం బడి ఆవరణలో వేస్తే ఒక్కటీ మోకాలు దాటలేదు. మట్టినేల కదా అనుకుని, తిరిగి కొట్టుకెళ్లి అదే నాపరాయి మీద వేశాను. అక్కడా అంతంతమాత్రమే.

"ఏందయ్యా ఇది? మధ్యాహ్నం బాగా ఎగిరింది గదా?" అన్నాను.

కొట్టాయన నవ్వాడు. "అప్పుడు ఎండకి కాగి ఉన్నయ్ గదా సార్! బుట్ట బయట పెట్టేది అందుకే. రేపు మధ్యాహ్నం రండి, మళ్లీ ఎగురుతయ్."

ఛీ! సిగ్గన్నా లేదు ఆ మనిషికి. కానీ అతని కంటే నా మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. నేను ఫిజిక్స్ మాస్టారిని. వేడెక్కిన బంతి ఎక్కువ ఎత్తు లేస్తుందని ఈ పొద్దున్నే తొమ్మిదో తరగతికి నోట్సు చెప్పాను. ముఖ్యమని కింద గీత కూడా గీయించాను.

రేపు ఆ క్లాసుకు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో మీరే చెప్పండి.