సీసాలో పైకి తేలిన మీగడ

మా అత్తగారు పోయారు. గత నెలలో ఓ మధ్యాహ్నం కొట్లోంచి ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారు. మళ్లీ లేవలేదు. ఫోన్ వచ్చేసరికి నేను ఏలూరులో, మా కాలేజీలో పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. తాడేపల్లిగూడెం చేరేసరికి ఇంటినిండా జనం. డెబ్భై ఆరేళ్లు బతికి, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్లిపోయింది, అదృష్టవంతురాలు అన్నారు అందరూ. కాదనను. నాకు మాత్రం ఇంకొన్నాళ్లు ఉండాల్సింది అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.

మాది గూడెంలో నెయ్యి, నూనెల వ్యాపారం. మామగారు పోయాక మావారితో పాటు ఆవిడా కొట్లో కూర్చునేవారు. కొత్త నెయ్యి డబ్బా వస్తే మూత తీసి, కాస్త అరచేతిలో రుద్ది వాసన చూసేవారు. అనుమానం వస్తే కొంచెం గాజు సీసాలో పోసి మూల పెట్టేవారు. "తొందరెందుకండీ, రేపటికి అదే చెబుతుంది" అని డబ్బా తెచ్చినవాళ్లని కూడా ఆపేవారు. మర్నాడు ఏది పైకి తేలిందో, ఏది అడుక్కి దిగిందో చూసి అప్పుడు మాట చెప్పేవారు. ఆవిడ చదివింది ఐదో తరగతి.

నేను బయోకెమిస్ట్రీ లెక్చరర్ని. ఏటా కొవ్వుల పాఠం నాదే. కొవ్వు నీళ్లలో కలవదు, రక్తంలోనూ కలవదు. అందుకని తిన్న కొవ్వుని పేగులు ప్రోటీను చుట్టి చిన్న చిన్న మూటలు కడతాయి. వాటిని కైలోమైక్రాన్లు అంటాం. అవి రక్తంలో తిరుగుతుంటే, రక్తనాళాల గోడలకి అంటిపెట్టుకుని ఉండే ఒక ఎంజైము ఆ మూటలు విప్పి, లోపలి సరుకు ఒంటికి అందిస్తుంది. ఈ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. కళ్లు మూసుకుని వేసేస్తాను. మా ఇంట్లో కూడా కళ్లు మూసుకునే ఉన్నానని తర్వాత తెలిసింది.

అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు. తరచూ కడుపునొప్పి అని ముడుచుకుని పడుకునేది. నట్టలన్నారు, గ్యాసన్నారు, దిష్టన్నారు. బడి ఎగ్గొట్టడానికి వేషాలని నేనన్నాను. సన్నగా ఉందని మండవల్లి నుంచి మా అమ్మ తన గేదెల నెయ్యి కాచి పంపేది. ముద్ద ముద్దకీ దిట్టంగా వేసి పెట్టేవాళ్లం. ఓరోజు అత్తగారు నెమ్మదిగా అన్నారు. "అమ్మాయ్, ఈ నొప్పి తిండి వెనకాలే వస్తోందమ్మా. పండగైన మర్నాడు తప్పకుండా వస్తోంది చూడు."

"తిండి తిననివాళ్లెవరండీ అత్తయ్యగారూ" అని, నా ఏలూరు రైలుబండికి టైమవుతోందని వెళ్లిపోయాను.

ఆఖరికి ఓసారి నొప్పి రెండు రోజులు వదల్లేదు. కాస్త తగ్గాక నేనూ అత్తగారూ దాన్ని ఏలూరులో రక్తపరీక్షకి తీసుకెళ్లాం. ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ గాజు గొట్టం పైకెత్తి చూపించింది. నెత్తురు అడుక్కి దిగాక పైన తేటగా ఉండాల్సింది తెల్లగా ఉంది. "పాలల్లే ఉందండీ. పాపకి ఏదో పెట్టి తీసుకొచ్చినట్టున్నారు. ఇంకోరోజు పరగడుపున తీసుకురండి" అంది.

మా అత్తగారు కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాళ్లని కూడా ఖాళీ కడుపుతో పంపే మనిషి కాదు. నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ వింటుండగానే అనేశాను.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదండీ, పరగడుపునే రావాలని. చాటుగా నెయ్యన్నం పెట్టారా?"

"పెట్టలేదమ్మా."

"మరి ఇదెక్కణ్ణించి వచ్చిందండీ?"

అత్తగారు గొట్టాన్ని వెలుతురుకి పెట్టించి చాలాసేపు చూశారు. "ఏవండీ, ఆ సీసా పారబోయకండి. ఫ్రిజ్‌లో ఉంచండి. రేపొచ్చి చూస్తాను" అన్నారు ల్యాబ్ ఆవిడతో.

"చూడ్డానికేముందండీ మామ్మగారూ" అని ఆవిడ నవ్వింది. అయినా ఉంచింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా పొద్దున్న బండికి ఏలూరు వచ్చి, ల్యాబ్ నుంచి నాకు ఫోన్ చేశారు. "ఓసారి రామ్మా." వెళ్లాను. గొట్టంలో పైన గోరంత మందాన తెల్లటి మీగడ కట్టింది. దాని కింద అంతా తేట.

"నేను పెట్టలేదని చెప్పడానికి కాదు పిలిచింది" అన్నారు. "పాలైతే ఇంత తేటపడదమ్మా. ఇది నెయ్యి జాతే. పిల్ల ఒంట్లో ఎక్కడా దిగకుండా రక్తంలోనే ఉండిపోతోంది."

ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే పైన మీగడ కట్టడం, కింద తేటపడడం, అది కైలోమైక్రాన్ల గుర్తు కావడం నా నోట్సులో ఉంది. పిల్లల చేత బట్టీ పట్టించేదాన్ని. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తప్పయిపోయిందని అప్పుడే అనాల్సింది. అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు.

పెద్ద డాక్టర్లు చూసి, మూటలు విప్పే ఎంజైము మా అమ్మాయిలో పుట్టుకతోనే పనిచెయ్యడం లేదని తేల్చారు. తిండిలో కొవ్వు దాదాపు మానెయ్యాలి, లేకపోతే క్లోమం వాచి ప్రాణం మీదకి వస్తుందన్నారు. తిరుగు రైల్లో అత్తగారికి నా బోర్డు మీద పాఠం చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"అంటే లారీలొచ్చాయి గానీ సరుకు దింపే ముఠావాళ్లు లేరన్నమాట. రోడ్డంతా లారీలే."

"అంతేనండీ."

"ముఠాని తెచ్చుకోలేమా?"

"ఇప్పట్లో లేదన్నారండీ."

"అయితే లారీలే రాకుండా చూసుకోవాలి" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఆ వారమే బస్సెక్కి మండవల్లి వెళ్లారు, నన్ను వెంటబెట్టుకుని. మా అమ్మ వింటూనే ఏడుపు లంకించుకుంది. "చంటిదానికి ఎండు మెతుకులు పెడతారా వదినగారూ? నా నెయ్యిలో ఏం వంకండీ?"

"మీ నెయ్యిలో వంక లేదండీ వదినగారూ. నెయ్యి అమ్ముకుని బతికేదాన్ని నేనే చెబుతున్నాను కదండీ. లోకానికంతటికీ మంచిదే. ఈ పిల్లకి మాత్రం విషం." మా అమ్మ ఆ తర్వాత నెయ్యి పంపలేదు. నేను చెప్పుంటే వినేది కాదు.

వంటంతా ఆవిడే చేతిలోకి తీసుకున్నారు. ఆవాలూ మెంతులూ ఉత్తి మూకుట్లో వేయించి పోపు పెట్టేవారు. "ఆవాలకి నూనె అక్కర్లేదమ్మా, మనకే కావాలి" అనేవారు. ఆవిరి కుడుము, కాల్చిన వంకాయ పచ్చడి, వెన్న తీసిన మజ్జిగ. డాక్టర్లు రాసిచ్చిన ఒక ప్రత్యేకమైన నూనె మాత్రం చెంచాతో కొలిచి వేసేవారు. ఆ కొవ్వు మూటల్లోకి ఎక్కదు, పేగుల నుంచి నేరుగా కాలేయానికి పోతుంది. "బజార్లోకి రాకుండా గోడౌనుకి పోయే సరుకు" అని ఎవరడిగినా చెప్పేవారు. నా క్లాసులో ఇప్పుడు నేనూ అలాగే చెబుతున్నాను.

అంతా సాఫీగా జరిగిందని కాదు. తొమ్మిదో ఏట మా అమ్మాయి స్నేహితురాలి పుట్టినరోజుకెళ్లి కేకు తిని, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. నేను తిట్టాను. ఆవిడ తిట్టలేదు. మంచం పక్కనే కూర్చుని, "బాగుందా?" అని అడిగారు. బాగుందంది. "పోన్లే, రుచి తెలిసింది కదా" అన్నారు. అది మళ్లీ కేకు ముట్టుకోలేదు. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి.

పెద్దకర్మ నాడు మా ఆడపడుచు అత్తగారికి విస్తరి వడ్డించింది. అన్నం మీద గరిటెతో నెయ్యి ధారగా పోస్తూ, "అమ్మకి నెయ్యి లేందే ముద్ద దిగదు" అని కళ్లు తుడుచుకుంది.

"నానమ్మ నెయ్యి తినదత్తా" అంది మా అమ్మాయి.

"ఊరుకోవే. మా అమ్మ సంగతి నాకు తెలీదా?"

"మానేసింది. నేను మానేసినప్పుడే. నూనె కూడా. మీ ఎవరికీ చెప్పొద్దంది."

మావారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. నేను బండి దిగి ఇంటికొచ్చేసరికి నానమ్మా మనవరాలూ భోంచేసి ఉండేవారు. ఎనిమిదేళ్లు, నెయ్యి కొట్టు పెట్టుకున్న ఇంట్లో, ఆ మనిషి ఏం తింటోందో నేను చూడలేదు. తప్పయిపోయిందండీ అత్తయ్యగారూ అన్నాను. విస్తరితో అన్నాను.

పురోహితులుగారు శాస్త్రానికి నెయ్యి ఉండాలన్నారు. ఉండనివ్వండి అంది మా అమ్మాయి, అది శాస్త్రానికి. లోపలికెళ్లి ఇంకో విస్తరి తెచ్చి దాని పక్కనే వేసింది. తన కోసం విడిగా వండిన పప్పు తెచ్చి, గరిటె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నెయ్యి తగిలింది. పక్కన పెట్టేసి, వేరే గరిటె కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ వాసన చూసింది. రోజూ నానమ్మ తనకి అలాగే చూసేదట. అప్పుడు వడ్డించింది.