నలభై అంగుళాల మనిషి

మా కండక్టర్ అన్నయ్యకు బస్సు దిగాక కూడా "రైట్ రైట్" అనే అలవాటు పోలేదు. తలుపు వేస్తే రైట్ రైట్, అన్నం తిని చెయ్యి కడుక్కుంటే రైట్ రైట్. వీధిలో ఆయన పేరే అదైపోయింది. తోడబుట్టినవాడేం కాదు. నా కుట్టు దుకాణం పక్క వాటాలో ఇరవై ఏళ్ళున్నాడు, చెల్లెమ్మా అని పిలిచాడు, అంతే. నా ఎడమ కాలికి చిన్నప్పటినుంచీ ఇనుప పట్టీ. నేను ఎక్కి కూర్చునేదాకా బెల్లు కొట్టని కండక్టర్ ఆయనొక్కడే. ఎవరైనా విసుక్కుంటే, "తొందరుంటే దిగి నడువు నాయనా" అనేవాడు.

తర్వాత ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. మనిషి కళ్ళముందే కరిగిపోయాడు. చొక్కాలన్నీ మోసుకొచ్చి, "నేనేం మారలేదు చెల్లెమ్మా, బట్టే సాగింది. కాస్త లోపలికి కుట్టు" అన్నాడు. రెండుసార్లు కుట్టాను. లోపల మిగిలిన గుడ్డ వేలాడితే నాకు చిరాకు. కచకచా కత్తిరించి పీలికల సంచిలో పడేశాను.

ఆ రోజుల్లోనే ఆసుపత్రి మూడో అంతస్తుకు ఒకావిడ వచ్చింది. యూనివర్సిటీలో సమాజశాస్త్రం చెబుతుందట. జబ్బుతోనో, వైకల్యంతోనో బతుకుతున్న ఏడుగురిని పోగేసింది. అందులో అన్నయ్యా, నేనూ ఉన్నాం. మేము ఆవిడకు జవాబులిచ్చేవాళ్ళం కాదట, ఆవిడతో కలిసి పరిశోధన చేసేవాళ్ళమట. ఏం చెప్పినా "మీరేమంటారు?" అని మాకే తిప్పికొట్టేది. ప్రశ్నలమ్మ అని పేరు పెట్టేశాం. మొదటిరోజే నాకు ఒళ్ళు మండి, "ఇన్నేళ్ళూ డాక్టర్లు రాసుకున్నారు, ఇక మీరు రాసుకోండి" అన్నాను.

"నేను రాయను. మీరే గీయండి" అంది.

పద్ధతి ఏమిటంటే, నేలమీద పొడవాటి ఖాకీ కాగితం పరుస్తారు. ఒక్కొక్కరూ దానిమీద పడుకోవాలి. చుట్టూ గీత గీస్తారు. ఆ గీత లోపల ఎవరి ఒంటి సంగతి వాళ్ళు రంగులతోనో, గుడ్డముక్కలతోనో నింపుకోవాలి. చివరికి ఆ బొమ్మను గోడకు పెట్టాలా, ఇంటికి తీసుకుపోవాలా, చింపెయ్యాలా అన్నది ఎవరికి వారే చెప్పాలి. గీతలు గీసే పని నామీద పడింది. సుద్ద పట్టడం తెలిసినదాన్ని కదా!

అన్నయ్య తన బొమ్మ చాతీ నిండా బస్సు రూటు గీశాడు. ఊపిరి అందక ఆగే ప్రతి చోటూ ఒక స్టాపు. మంచం, కిటికీ, స్నానాలగది గడప, సబ్బు.

"సబ్బు దగ్గర స్టాపేంటి అన్నయ్యా?"

"వంగి తీసుకోవాలిగా! బండి అక్కడ పది నిమిషాలు ఆగుద్ది."

అందరం పగలబడి నవ్వాం. ఆయన కూడా నవ్వబోయి దగ్గాడు. బొమ్మను ఏం చేయమంటారని ప్రశ్నలమ్మ అడిగితే, "చివరి స్టాపు రానీండి, చెప్తా" అన్నాడు. చెప్పకుండానే పోయాడు.

బొమ్మలు జనానికి చూపించే రోజు దగ్గరపడింది. ఆయన మాట చెప్పాల్సింది ఇక ఆయన భార్యే అని ప్రశ్నలమ్మ వదినను పిలిపించింది. వదిన ఆ కాగితం దగ్గరికి వెళ్ళి, భుజం గీత మీద చెయ్యి వేసింది.

"ఇదిగో మా ఆయన. చిక్కిపోకముందు మనిషి" అంది. చెంప ఆనించి ఏడ్చింది. తర్వాత నావైపు తిరిగి, "ఆ కొలత చొక్కా ఒక్కటీ మిగల్లేదు అమ్మాయ్. ఈ గీతకు సరిగ్గా ఒకటి కుట్టిపెట్టు. బొమ్మ గోడకే ఉంచండి. జనం వచ్చిన రోజు పక్కన నిలబడి నేనే చెప్తాను, మా ఆయన ఇలా ఉండేవాడని" అంది.

నాకు పీలికల సంచి గుర్తొచ్చింది.

దుకాణంలో కాగితం బల్లమీద పరిచి టేపు పెట్టాను. చాతీ చుట్టుకొలత లెక్క వేస్తే నలభై తేలింది. అనుమానమొచ్చి కొలతల పుస్తకం తీశాను. ఆయనవి మూడే కొలతలు. నలభై రెండు, ముప్ఫై తొమ్మిది, ముప్ఫై ఆరు. కాగితం మీద పడుకున్ననాడు ముప్ఫై ఆరే. మరి ఈ నలభై ఎవరిది?

గీతను వేలితో తడుముకుంటూ వెళ్ళాక తెలిసింది. గుడ్డ మీద గీసి గీసి అలవాటుపడ్డ చెయ్యి! మనిషికి కూడా రెండు పక్కలా కుట్టుకని అంగుళం వదిలేసింది. ముందూ వెనకా కలిపితే నాలుగంగుళాలు. నేను గీసిన ఆరుగురికీ అంతే. సాయంత్రం లైట్లు వేయకముందు బొమ్మలు గోడకు పెట్టిన ఆసుపత్రి హాల్లోకి వెళితే, ఒక్కొక్క బొమ్మ వెనక ఇంకెవరో నిలబడ్డట్టుండి ఒళ్ళు జలదరించేది. ఆ నిలబడ్డది నా అంగుళమే.

వదిన చెంప ఆనించింది జబ్బు మనిషికి కాదు, జబ్బుకు ముందు మనిషికీ కాదు. నలభై రెండు నుంచి ముప్ఫై తొమ్మిదికి జారేటప్పుడు ఏదో ఒకరోజు ఆయన నలభై మీదుగా పోయే ఉంటాడు. ఆ రోజు మేమెవరం చూసుకోలేదు.

ప్రశ్నలమ్మకు చెప్పాను. "చెప్తే వదినకు మళ్ళీ చావే. చెప్పకపోతే అంతమందిలో ఆవిడచేత అబద్ధం ఆడించినట్టే. ఏం చెయ్యను?"

"మీరేమంటారు?" అంటుందని కాచుక్కూర్చున్నాను, అంటే కడిగేద్దామని. అనలేదు. "నాకూ తెలీదు" అని తల దించుకుంది.

నలభైకే చొక్కా కుట్టాను. జనం వచ్చే రోజు పొద్దున్నే వదిన చేతిలో పెట్టి, పుస్తకం చూపించి, అంతా చెప్పేశాను. వదిన చొక్కా భుజాలు పట్టుకుని ఎత్తి చూసింది.

"చెప్పకపోతే నీకేం పోయేది?" అంది.

నేను కొలతల పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

"కాగితం ఉండనీ. స్టాపులైనా ఆయన గీసినవే" అని చొక్కా కుర్చీ మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. బొమ్మ పక్కన ఆ రోజు ఎవరూ నిలబడలేదు.

చొక్కా నా దుకాణంలో కొక్కానికి ఉంది. ఫ్యాను తిరిగితే చాతీ దగ్గర ఉబ్బుతుంది, మళ్ళీ తగ్గుతుంది. మొదటిరోజు హడలిపోయి ఫ్యాను కట్టేశాను. చొక్కా చప్పబడి గోడకు అంటుకుపోయింది. ఈ ఇనుప కాలితోనే పరుగెత్తి మళ్ళీ స్విచ్చి వేశాను. ఇక చలి వేసినా ఫ్యాను కట్టడం లేదు.