ఊదారంగు నీళ్ళు

మొన్న నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు కోసం కూర్చుని ఉండగా, నా ఈడువారే ఒక రిటైరైన మేష్టారు పక్కన చేరి, పల్నాటికి వానలు ఎందుకు పడటం లేదో నాకు వివరంగా చెప్పారు. పెద్దపెద్ద వాళ్ళంతా కూడబలుక్కుని, విమానాలు పెట్టి, మన మీదికి రావలసిన మబ్బుల్ని వేరే జిల్లాలకు మళ్ళిస్తున్నారట. ఎవరు చూశారండీ అని అడిగాను. ఆయన నా వంక జాలిగా చూసి, "చూడనిస్తే ఇంకేందండీ, వాళ్ళ గొప్పంతా అక్కడేగా ఉంది," అన్నారు. ఇంతలో బస్సు వచ్చింది గనుక బతికిపోయాను గానీ, పిడుగురాళ్ళ దాటేదాకా నాకు చిరాకు తగ్గలేదు. ఆ జవాబు నాకు కొత్త కాదు. నా ఇరవయ్యో ఏట మా బాబాయి నోట అచ్చం అట్లాంటిదే విన్నాను, కాకపోతే అప్పటి మాట మబ్బుల గురించి కాదు, మా వీధి బావి గురించి.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. కిరసనాయిలుకు, గుడ్డకు కరువై జనం ప్రతిదానికీ ఎవరో ఒకరిని అనుమానించడం అలవాటు చేసుకున్న కాలం. గురజాలకు నాలుగు కోసుల దూరంలో మా ఊరు. నేను అప్పుడే ఒక దినపత్రికకు తాలూకా వార్తలు రాసి పంపే పనిలో కుదిరాను. నా వార్తలు దిద్దే సబ్ ఎడిటరు గారిని కళ్ళారా చూసింది ఒక్కసారే గానీ ఆయన ఎర్రసిరాతో మాత్రం నాకు మంచి పరిచయం ఉండేది. "ఊళ్ళో అనుకుంటున్నారు" అని నేను రాస్తే, పక్కన "ఎవరు చూశారు?" అని గీకి ఆ కాగితాన్ని తిరుగుటపాలో నాకే పంపేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత ఆ ప్రశ్న నాకే ఎంత అలవాటైపోయిందంటే, పెళ్ళి కబురు చెప్పినా సరే ఎవరు చూశారని అడిగి ఇంట్లో తిట్లు తినేవాణ్ణి.

ఆ వేసవిలో చుట్టుపక్కల ఊళ్ళలో కలరా తగిలింది. హెల్తు ఇనస్పెక్టరు సైకిలు మీద వచ్చి ఊళ్ళో బావులన్నిటిలోనూ మందు కలిపాడు. మందు పడగానే నీళ్ళు వంకాయ తొక్కలాగా ఊదారంగుకు తిరిగాయి. మా వీధికి ఉన్నది ఒకటే బావి, నాపరాళ్ళతో కట్టిన పాతది. ఆ ఇనస్పెక్టరు బస చేసింది మా ఊరి మోతుబరి ఇంట్లో. ఆ మోతుబరి జిల్లా బోర్డు మెంబరు కూడాను, మొన్నటి ఎన్నికల్లో మా వీధి వాళ్ళు ఆయనకు ఓట్లు వేయలేదు. ఇంకేం కావాలి? మందు కలిపిన రోజు సాయంత్రానికల్లా, మోతుబరి ఇనస్పెక్టరును గుప్పిట్లో పెట్టుకుని మా వీధి బావిలో విషం కలిపించాడన్న కథ తయారైంది. దాన్ని తయారుచేసింది మా బాబాయే.

మా బాబాయి తెలివితక్కువ మనిషి కాదు. అదే నా బాధ. దస్తావేజులు చదివి పెట్టేవాడు, నా పత్రికను అరుగు మీద కూర్చుని అందరికీ వినిపించేవాడు. నేను పోయి, అదే మందు మోతుబరి ఇంటి బావిలో కూడా వేశారు గదా బాబాయ్ అన్నాను.

"అది ఉత్త రంగురా. మనకేసింది అసలుది."

ఇనస్పెక్టరు అందరి ముందు ఆ నీళ్ళు గ్లాసెడు తాగాడు గదా అన్నాను.

"ఇరుగుడు ముందే మింగొచ్చాడు."

తొట్టిలో ఆ నీళ్ళే తాగిన మన గేదె నిక్షేపంగా ఉంది గదా అన్నాను.

"గొడ్డుకి ఎక్కదు, మనిషికే. చానా తెలివిగా చేశారు." నన్ను ఎగాదిగా చూసి, "ఒరేయ్, నీకెంత ముట్టిందిరా?" అన్నాడు.

అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఏది జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు బాబాయ్ అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. ఏం జరిగినా ఒప్పుకోడని తెలిసిపోయింది.

మోతుబరిని నేను వెనకేసుకు రావడం లేదు. ఆయన చేసిన పని ఒకటుంది, అది ఎవరూ దాచలేదు. కిందటేడే మా వీధి వాళ్ళ కోసమని బోర్డు మంజూరు చేసిన కొత్త బావిని ఆయన తన నిమ్మతోటలో తవ్వించుకున్నాడు. ఆ మంజూరు కాగితం చావడి గోడకు అంటించే ఉంది, తోట దారిన పోయే ప్రతివాడూ ఆ బావిని చూస్తూనే ఉన్నాడు. నేను నాలుగు పంక్తుల వార్త రాస్తే ఎర్రసిరా పడకుండా అచ్చయింది కూడా. దాన్ని చదివి మా బాబాయి, "అందులో ఏముందిరా, ఎవడైనా అదే చేస్తాడు," అని ఆవలించి పేజీ తిప్పాడు. దాంట్లో రహస్యం లేదు గనుక రుచి లేదు. ఆ బావి దక్కి ఉంటే మా వీధి ఒకే బావి మీద ఆధారపడేది కాదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల బాదుకోవాలనిపిస్తుంది.

వీధి వీధంతా బావి మానేసి వాగుకు పోయింది. ఎండాకాలం వాగంటే మీకు తెలిసిందే, పైఊరి వాళ్ళు గుడ్డలుతికి, గొడ్లను కడిగి వదిలిన మడుగు. కొద్దిరోజులకే బాబాయికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయి, చేతివేళ్ళ మీద చర్మం ముడతలు పడి, మనిషి మంచానికి అంటుకుపోయాడు. బావి నీళ్ళు కాచి ఇద్దామని మా నాన్న అంటే, ఉన్న ఓపికంతా కూడదీసుకుని, చస్తే చస్తాగానీ ఆ నీళ్ళు నా గొంతులో పొయ్యొద్దన్నాడు. మా పిన్ని తెల్లవారుజామునే బిందె తీసుకుని వాగుకు పోయి వచ్చేది, ఆ నీళ్ళు కాచి, ఉప్పేసిన గంజి చెంచాతో పోస్తూ మంచం పక్కనే ఉండేది. వారం తిరిగేసరికి ఆయన లేచి కూర్చున్నాడు.

లేచి కూర్చుని ఊరుకుంటే బాగుండేది. "చూశారా, నన్ను బతికించింది వాగు నీళ్ళే," అని అరుగెక్కి చెప్పాడు. అప్పటికి భయం తగ్గి ఒకరిద్దరు మళ్ళీ బావికి పోతున్నారు, ఆ మాటతో వాళ్ళూ మానుకున్నారు. మా ఎదురింట్లో నాపరాళ్ళు చెక్కే సాయిబు మామ ఉండేవాడు. ఆయన తల్లి, నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన ఆమె, ఆ తర్వాతే జబ్బుపడి ఒక్క పూటలో పోయింది. మోతుబరి దెబ్బ ఎదురింటికి కూడా తగిలిందన్నాడు బాబాయి. ఆమె తాగింది బావి నీళ్ళు కాదు గదా అంటే, వాగు పైన కూడా ఏదో కలిపించి ఉంటాడన్నాడు. తనను బతికించిన నీళ్ళే ఆమెను ఎట్లా చంపాయని మాత్రం ఆయనను ఎవరూ అడగలేదు.

బాబాయి చాలా ఏళ్ళు బతికి, చివరిదాకా ఆ కథ చెబుతూనే పోయాడు. ఆయన పోయాక ఒకనాడు, చింతపండు గింజలు తీస్తూ, మా పిన్ని ఉన్నట్టుండి అసలు సంగతి చెప్పింది. ఆయన జబ్బుపడ్డ నాటి నుంచీ ఆమె వాగు దాకా పోనేలేదట. జనం లేవకముందే వీధి బావిలో బిందె ముంచుకుని, కాసేపు వాగు దారిలో నిలబడి వచ్చేదట. అప్పటికి రంగు విరిగిపోయింది గనుక ఎవరికీ తెలియలేదు.

మరి ఎప్పుడూ చెప్పలేదేం పిన్నీ అన్నాను.

"చెబితే ఏమంటాడు? నేను కూడా మోతుబరి మనిషినే అంటాడు." కాసేపు గింజలు తీసింది. "సాయిబు వాళ్ళమ్మకి మాత్రం చెప్పాల్సిందిరా. ఆమెకి చెబితే ఈయన చెవిన పడుద్దని నోరు మూసుకున్నా. అది మాత్రం నన్ను ఇడవలేదు."

ఆ నీళ్ళు మంచివని నీకెట్లా తెలుసు, నీకు భయం వేయలేదా అని అడిగాను. ఎందుకు వేయలేదు, మొదట వేసిందంది. అయితే గ్లాసెడు నీళ్ళు తాగి వెళ్ళిన ఆ ఇనస్పెక్టరు మళ్ళీ వస్తాడో రాడోనని గుమ్మంలో కూర్చుని దారి చూసిందట. నాలుగో రోజున సైకిలు మీద వచ్చాడట, బెల్లు కొట్టుకుంటూ.

మా వీధి బావిని ఇప్పుడు నాపరాయితో మూసేశారు. ఇంటింటికీ కుళాయి వచ్చింది, వీధిలో సగం మందికి అక్కడొక బావి ఉండేదని కూడా తెలియదు. బస్టాండు మేష్టారి మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ గుమ్మంలో కూర్చున్న పిన్నే గుర్తుకొస్తున్నది. పెద్దపెద్ద వాళ్ళను అనుమానించడం ఆమెకూ తెలుసు, మోతుబరి అంటే ఆమెకూ గిట్టదు. కానీ నమ్మేముందు నాలుగు రోజులు ఆగి, ఆ సైకిలు వస్తుందో రాదో చూసింది. అట్లా ఆగి దారి చూసేవాళ్ళు ఈమధ్య నాకు ఎక్కడా కనపడటం లేదు.