ఎండిన చెట్టు మీద నా ఫిర్యాదు

పెద్ద వడ్రంగి పిట్టను చూడాలని ఒకసారి మలేషియా కొండల మీద, మబ్బులు నేల దాకా దిగే అడవికి వెళ్లాను. మూడు రోజులూ మంచులోంచి టకటకమని చప్పుడు వినబడింది తప్ప పిట్ట ఈక కూడా కనబడలేదు. తడిసి ముద్దయి, సరిహద్దు ఇవతల చోవా చూ కాంగ్ పేటలోని మా ఫ్లాట్‌కు చేరాను. టికెట్టు కొనుక్కుని మరీ జలుబు తెచ్చుకున్నారని మా ఆవిడ చాలాకాలం ఆటపట్టించింది.

తర్వాత రెండేళ్లకు పిట్టే మా ఇంటి దగ్గరికి వచ్చింది. మా బ్లాక్ పక్కన ఎండిపోయి నిలబడ్డ చెట్టు మొండెం మీద, సరిగ్గా మా నాలుగో అంతస్తు వరండాకు ఎదురుగా, ఒక జంట తొర్ర తొలవడం మొదలుపెట్టింది. కొండల మీది దానంత గొప్పది కాకపోవచ్చు గానీ, మా మైనాల మధ్య అది దొరబాబే. ఎర్రటి జుట్టు, బంగారు వీపు. తోకను చెట్టుకు ఊతగా ఆనించి, తల వెనక్కి లాగి కొడుతుంటే చెక్కపొట్టు జలజల రాలేది. పాతికేళ్ల ఉద్యోగంలో నేనెప్పుడూ అంత శ్రద్ధగా పనిచేయలేదని సిగ్గేసింది. దాన్ని చూస్తూ రోజూ ఆఫీసు ట్రైన్ అందుకోలేకపోయేవాణ్ణి. కొన్నాళ్లకు తొర్రలోంచి పిల్లల తలలు తొంగిచూశాయి.

ఒక శనివారం ఉదయం కింద లారీ ఆగింది. రంపం చప్పుడు వినబడ్డాక గానీ నాకు గుర్తు రాలేదు. ఆ చెట్టు ఆటస్థలం మీద కూలితే ప్రమాదమని, పిట్టలు రాకముందే ఫోన్ యాప్‌లో ఫొటో పెట్టి ఫిర్యాదు చేసింది నేనే. లిఫ్టులో లైటు పోయినా ఫొటో తీసి పంపడం ఈ ఊళ్లో మాకందరికీ అలవాటు. పంపి, మంచి పని చేశానని మురిసిపోయి, మరిచిపోయాను.

ఉన్నపళంగా మెట్లు దిగి పరుగెత్తాను. కంగారులో నా నోట్లోంచి తెలుగే వచ్చింది. రంపం అప్పటికే ఆగింది. హెల్మెట్ పెట్టుకున్న మేస్త్రీ కత్తి వెనక వైపుతో మొండేన్ని తట్టి, చెవి ఆనించి వింటున్నాడు. తనది కరీంనగర్ వైపని, లోపల గుల్లబారిన చెట్టు ఎటు పడుతుందో తెలియదు కాబట్టి, ఏ చెట్టునైనా ఇలా విన్నాకే కోయిస్తానని చెప్పాడు.

“లోపల పిల్లలున్నయి సార్. నేను చెప్తె ఆఫీసోళ్లు ఇంటరో లేదో. మీరు ఫోటో తీసి పెట్టుండ్రి.”

అదే యాప్‌లో పెట్టాను. పని ఎందుకు ఆపావని పై అధికారి ఫోన్‌లో కేకలేస్తుంటే అతను తన పొడి పొడి ఇంగ్లిషులో కుదరదనే చెప్పాడు, గొంతు పెంచలేదు. మనుషుల్ని అవతలి చెట్ల కొమ్మలు కొట్టడానికి పంపి, తను మాత్రం మొండెం దగ్గరే నిలబడ్డాడు. అంత నిదానంగా కాదనగల మనిషిని మా ఆఫీసులో నేనింతవరకు చూడలేదు. మధ్యాహ్నానికి, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్టు జోలికి వెళ్లరని జవాబొచ్చింది.

అతను నాకు దండం పెట్టి, నేను చూడబట్టే అవి బతికాయన్నాడు. ఆ మెప్పు నాకు మింగుడుపడలేదు. చెట్టు కొట్టెయ్యమని రాసింది కూడా నేనేనని చెప్పేశాను.

అతను సామాను లారీలో సర్దుతూ నవ్వాడు.

“ఎర్కే సార్. పిట్టలను చూసెటోళ్లు మెల్లగ వస్తరు. మీరు ఉరికొచ్చిండ్రు.”