ఆంబ్రోస్ తీసేసిన వృథా పేజీ

కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపే కెర్నల్ అనే ప్రోగ్రామ్ రాసే కేంబ్రిడ్జ్ పనివాళ్లలో ఆంబ్రోస్ సెచెల్ ఘనత తెలియనివారు లేరు. తెలియకపోతే ఆయనే పిలిచి చెప్పేవాడు. బీట్‌దుంపల పొలాల మధ్య పల్లె బడిలో చదివాడు. కాలేజీ గడప తొక్కలేదు. అయినా ఒక పేజీ, అంటే కంప్యూటర్ మెమరీలో ఒక చిన్న ముక్క, ఆదా చేశాడు. ఆ పేజీ కథ లేకుండా ఆఫీసులో ఎవరికీ టీ దిగేది కాదు.

ఒకే యంత్రం మీద ఎన్నో ఆపరేటింగ్ సిస్టమ్‌లు అద్దెకున్నట్టు నడుస్తాయి. వాటికి మెమరీ పంచే ఇంటి యజమాని హైపర్‌వైజర్. ఏం కావాలన్నా ఒక్కో సిస్టమ్‌లోని కెర్నల్ ఆ యజమానికి అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీ పేరు హైపర్‌కాల్. అది రాసుకోవడానికని ఒక పేజీని మొదటినుంచీ పక్కన పెట్టి ఉంచేవారు. ఊరికే కూర్చున్న ఆ పేజీని చూసి ఆంబ్రోస్‌కు ఒళ్లు మండింది. అవసరమైనప్పుడే ఖాళీ పేజీ వెతుక్కోవాలంటూ దాన్ని పీకేశాడు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన పంపిన కోడ్ మార్పు ఒక్కటీ ఎవరూ తీసుకోలేదు. ఇక రిటైరయ్యే వేళ వచ్చింది. వెళ్లేలోపు కెర్నల్ కొత్త విడుదలలో తన పని ప్రస్తావన రావాలి, అదొక్కటే ఆయన కోరిక. మెమరీ నిండుకుంటే కెర్నలే యజమానిని అడిగి తెచ్చుకునేలా ఒక మార్పు రాసి, మార్పులకు ఆమోదముద్ర వేసే ఫెనెల్లా ముందు నడిపి చూపించాడు.

యంత్రం బిగుసుకుపోయింది.

“ఏమైంది?” అన్నాడు ఆంబ్రోస్.

“మెమరీ అయిపోయింది.”

“అయిపోతే అడగాలిగా! అదేగా నేను రాసింది!”

“అడగాలంటే అర్జీ రాయాలి, అర్జీకి పేజీ కావాలి. ఆ పేజీయే ఉంటే ఇంత గోల ఎందుకండీ?”

పక్క బల్ల నుంచి తోటి ఉద్యోగి కత్‌బర్ట్ అందుకున్నాడు. “ఆకలేస్తోందని చెప్పాలంటే ముందు భోంచేసి రమ్మన్నట్టుంది! అక్కడుండాల్సిన పేజీని పీకిన మహానుభావుడెవరో?”

ఫెనెల్లా పాత మార్పులు తిరగేసి తలెత్తింది. “ఇంకెవరు?”

ఆయన మార్పు వెనక్కి వచ్చింది. పేజీని ఫెనెల్లాయే మళ్లీ పక్కన పెట్టింది. ఏదైనా బాగుచేస్తే, దాన్ని చెడగొట్టిన పాత మార్పు ఏదో కూడా రాయడం వాళ్ల ఆచారం. అలా విడుదలలో ఆంబ్రోస్ పని ప్రస్తావన రానే వచ్చింది.

వీడ్కోలు రోజు పబ్బులో బీరు గ్లాసు ఎత్తి, తన పాత మార్పును తప్పుపట్టిన ఆ వాక్యం చదివి వినిపించాడు. “చూశారా? నేను లేనిదే ఈ విడుదల లేదు!”

“నిజమే, మీరు చెడగొట్టకపోతే మాకు పనేది?” అంది ఫెనెల్లా.

“అదీ మాట!” ఆయన ముఖం వెలిగిపోయింది. “అయినా నేను పీకిన వృథా అదొక్కటే అనుకున్నావా, అమ్మాయ్?”

ఫెనెల్లా సగం బీరు అలాగే వదిలేసి, కోటు తీసుకుని ఆఫీసుకు పరుగెత్తింది.