క్రాంకుని పడుకోబెట్టకూడదు

మొన్న తాడేపల్లిగూడెంలో మా మెకానిక్ షెడ్డు ఖాళీ చేయించాను. మా ఆయన పోయిన రెండేళ్ళకి గానీ ఆ తాళం తియ్యడానికి నాకు చెయ్యాడలేదు. పాత ఇనుము కొనేవాళ్ళు పిస్టన్లూ గేర్లూ ఆటోలోకి విసురుతుంటే, మూల గోడకి ఆనించి గొలుసుతో కట్టిన క్రాంకు ఒకటి కనిపించింది. నూనెగుడ్డ చుట్టి ఉంది. తీగతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని ముందు మా తమ్ముడు నిలబడ్డాడు. వాడు ఆ షెడ్డులో కాలుపెట్టి పన్నెండేళ్ళయింది. నేను పిలవలేదు. షెడ్డు తీసేస్తున్నామని ఎవరో చెబితే ముదినేపల్లి నుంచి తనే వచ్చాడు.

క్రాంకంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. ఇంజనులో పిస్టన్లు పైకీ కిందకీ ఆడతాయి. ఆ ఆటని గిరగిరా తిరగడంగా మార్చేది ఈ మెలికల ఇనప కడ్డీ. నాకూ పెళ్ళయ్యేదాకా తెలియదు. కాపురానికి వచ్చిన రోజున మా పడకగదిలో మూడు క్రాంకులు గోడకి జారబడి నిలబడి ఉన్నాయి. షెడ్డు కురుస్తోందట, అందుకని లోపల పెట్టారట. కొత్త పెళ్ళికూతురికి అద్దం బీరువా చూపిస్తారు గానీ, ముగ్గురు కాపలావాళ్ళని చూపిస్తారా! మూడో రోజు గది ఊడుస్తూ, పాపం ఎంతసేపని నిలబడతాయిలే అనుకుని, ఒకదాన్ని ఆపసోపాలు పడి చాప మీదకి ఒరిగించాను. ఆయన భోజనానికొచ్చి చూసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా పరిగెత్తారు. "పడుకోబెట్టకే! నెలల తరబడి పడుకుంటే దాని బరువుకి అదే వంగిపోతుంది, వంగినదాన్ని బిగిస్తే విరుగుతుంది. దానికి నిలబడ్డమే విశ్రాంతి" అన్నారు. ఆ మాట చెప్పుకుని మా అత్తగారు ఏడాదిపాటు నవ్వింది. నేను మాత్రం మళ్ళీ ఏ క్రాంకునీ ముట్టుకోలేదు.

మా ఆయనకి పేరొచ్చింది మార్చి బిగించడంలో. లారీ సామాను కారుకి, కారు సామాను లారీకి. చేసిన కంపెనీ ఒకటే అయినప్పుడు పైన బండి వేరైనా లోపలి ఇంజను ఒకటే కావచ్చు, అది కనిపెట్టడమే పని అనేవారు. కొలతలు తీసే పరికరం చొక్కా జేబులో పెన్నులా ఉండేది. ఎవరైనా అనుమానపడితే "కొలతలు కలిశాక ఇంటిపేర్లెందుకండీ" అని నవ్వేవారు. ఏలూరు పాత సామాను కొట్లలో ఆయన తిరుగుతుంటే, పెళ్ళిసంబంధాలు చూసే పెద్దమనిషిలా ఉండేది. ఇక్కడి పిల్ల, అక్కడి పిల్లాడు, మధ్యలో ఈయన. ఆయన కుదిర్చిన ఇంజన్లు ఎన్ని ఊళ్ళలో తిరిగాయో నాకు లెక్క తెలియదు.

మా తమ్ముడికి కొల్లేరు పక్కన చేపల చెరువుండేది. నీళ్ళు తోడే పంపుని ఒక ముసలి లారీ ఇంజను తిప్పేది. మబ్బు పట్టిన రోజుల్లో చేపలకి గాలి అందదు. తెల్లవారేసరికి పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు కొత్త నీళ్ళు పడకపోతే చెరువు పోయినట్టే. ఆ ఇంజనులో క్రాంకు బీటవారిందని మా ఆయన ముందే కనిపెట్టారు. ఏలూరులో ఒక పెద్ద కారు క్రాంకు దొరికింది. కొలతలన్నీ సరిపోయాయి, వెనక బోల్టు రంధ్రాలు తప్ప. అవి లేతు మిషను మీద మళ్ళీ వేయించి, అరిగిన చోట్ల సాన పట్టించి, స్వయంగా చెరువుకి తీసుకెళ్ళి వాడికిచ్చారు. "జాగ్రత్తగా దాచు. పాతది విరిగిన రోజున వచ్చి బిగిస్తాను" అన్నారు.

ఆ పాతది నాలుగు నెలలకి విరిగింది. ఈయన వెళ్ళి రోజంతా కూర్చుని కొత్తది బిగించారు. ముందు ఒకసారి తిన్నగా ఉందో లేదో గేజి పెట్టి చూస్తానంటే మా తమ్ముడు చేతులు పట్టుకున్నాడట. "టైము లేదు బావగారూ, రేప్పొద్దుటికి నీళ్ళు పడకపోతే నా పని అయిపోతుందండీ" అన్నాడట. చెరువు బతికింది. తొమ్మిది రోజులు బతికింది. పదో రోజు తెల్లవారుజామున, మబ్బులోనే, ఆ క్రాంకు రెండు ముక్కలైంది. నేను వెళ్ళేసరికి చెరువంతా తెల్లగా పొట్టలు తేలి ఉంది. గట్టుమీద అందరి ముందూ వాడు అన్నాడు: "కారు సామాను తెచ్చి లారీకి అతికించారు. మీ అతుకుల పని నా చెరువుని చంపేసిందండీ." అంత కోపంలోనూ అండీ వదల్లేదు, మా వైపు మాటతీరే అంత. ఈయన ఒక్క మాట మాట్లాడలేదు. మోటారుసైకిలు తీశారు. ఆ తర్వాత ఒక బండి సామాను ఇంకో బండికి ఎప్పుడూ వెయ్యలేదు. కొలతల పరికరం బల్ల సొరుగులోకి వెళ్ళిపోయింది. ఈయన పోయినప్పుడు మా తమ్ముడు వచ్చాడు, గేటు దగ్గర నిలబడి వెళ్ళిపోయాడు.

మొన్న వాడు ఆ అట్టముక్క తుడిచి చదివాడు. మా ఆయన అక్షరాలే. "బావమరిది చెరువుకి. అసలు లారీది. నిలబెట్టి ఉంచాలి."

"నిలబెట్టి ఉంచడమేంటక్కా?" అన్నాడు.

నేను మామూలుగా, చాప కథంతా నవ్వుతూనే చెప్పాను. వాడు నవ్వలేదు. అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. "గడ్డి పరిచి, పైన గోనెపట్టా కప్పి పడుకోబెట్టానక్కా. జాగ్రత్తగా దాచమన్నారు కదా. నాలుగు నెలలు పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాను."

"ఆయన చూశారా?"

"చూశారు. ఒక్క క్షణం ఆగారు. గడ్డి దులిపి ఎత్తుకున్నారు. గేజి పెడతానన్నది అప్పుడే."

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది, అదీ మా ఆయన మీద. ముప్పైయేళ్ళు ఆ పనిలో ఉన్న మనిషికి, నిలబెట్టమని వేరే చెప్పాలని తోచలేదు. తప్పు తనదే అనుకుని నోరు కట్టేసుకున్నారు. గట్టుమీద ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నా తమ్ముడు నాకు మిగిలేవాడు, ఆయన పని ఆయనకి మిగిలేది. చెప్పకుండా, ఎప్పుడైనా అడుగుతాడని ఇంకో క్రాంకు సిద్ధం చేసి పెట్టుకున్నారు. వాడికిప్పుడు చెరువు లేదు. గట్లు కొట్టేసి ఎనిమిదేళ్ళయింది.

అయినా క్రాంకుని వాడు ఇనుము వాళ్ళకి ఇవ్వనివ్వలేదు. వేరే ఆటో పిలిచి, వెనక నిలబెట్టి, రెండు చేతులా కౌగిలించుకుని కూర్చున్నాడు. మలుపు తిరిగేదాకా అది వాడి భుజం మీదుగా కనిపించింది. ఇనుము కూడా పడుకోబెడితే వంగిపోతుందని నాకు నేర్పిన మనిషి, ఒక్క మాటని మాత్రం బతికున్నంతకాలం మా మధ్య పడుకోబెట్టే ఉంచారు, మేము పైకెత్తి చూసేసరికి దాన్ని సరిచెయ్యగల చెయ్యి లేదు.